నకిలీ బంగారు నాణేలు: గుర్తించే పద్ధతులు

పాత బంగారు నాణేన్ని సేకరణ కోసం కొనేవారు రెండింటికి డబ్బు ఇస్తారు. ఒకటి అందులోని బంగారం, రెండోది ఆ నాణెం చరిత్ర, అరుదుదనం, చెక్కుచెదరని స్థితి. సాధారణ బ్రిటిష్ సవరిన్ ధర దాని బంగారం ధరకు దగ్గరగానే ఉంటుంది. మూడున్నర గ్రాములైనా తూగని విజయనగర వరహా అరుదైన రకమైతే, అందులోని బంగారానికి ఎన్నో రెట్ల ధర పలుకుతుంది. ఈ రెండు విలువల మధ్య తేడాను బట్టే మోసం తీరు మారుతుంది. తేడా తక్కువగా ఉన్నచోట మోసగాడు బంగారాన్ని ఎగ్గొట్టి ఇత్తడి మీద పూత పూస్తాడు. తేడా ఎక్కువగా ఉన్నచోట సరైన వన్నెలో, సరైన తూకంలో బంగారం వాడి, ముద్రను మాత్రం తనే తయారుచేసుకుంటాడు.

సేకరణకర్తకు అసలు ప్రమాదం ఈ రెండో రకంతోనే. ఆ నాణెం గీటురాయి మీద నెగ్గుతుంది, త్రాసులో నెగ్గుతుంది. కంసాలి చూసి మంచి బంగారమేనంటాడు. ఆయన మాట నిజమే, కానీ ఆయన పరీక్షించింది లోహాన్ని. నాణేన్ని పరీక్షించడం వేరే పని. లోహ పరీక్షల్లో తప్పిన నాణెం నకిలీ అని తేల్చవచ్చు గానీ, వాటిలో నెగ్గినంత మాత్రాన అసలుదని తేల్చడానికి లేదు.

పాత మోసాలు

నాణెం ఎంత పాతదో నకిలీ దాదాపు అంత పాతది. స్పార్టన్ల ముట్టడి నుంచి బయటపడటానికి సామోస్ పాలకుడు పాలిక్రటీస్ సీసం నాణేలకు బంగారు పూత పూయించి వారికి చెల్లించాడని క్రీ.పూ. 5వ శతాబ్దంలో హెరొడోటస్ ఒక కథ రాశాడు. తాను ఆ కథను నమ్మడం లేదని కూడా రాశాడు. కౌటిల్యుని అర్థశాస్త్రంలో రూపదర్శకుడనే అధికారి కనిపిస్తాడు. వ్యవహారంలో తిరగదగ్గ నాణేలేవో, కోశంలో చేరదగ్గవేవో పరీక్షించి చెప్పడం ఆయన పని. ఇంగ్లండులో 1696లో టంకశాల అధికారిగా చేరిన ఐజాక్ న్యూటన్, నకిలీ గినీలు తయారుచేసిన విలియం చాలొనర్‌పై సాక్ష్యాలు కూడగట్టి 1699లో ఉరికంబం ఎక్కించాడు.

ఇవన్నీ చలామణీలోని డబ్బుకు సంబంధించిన మోసాలు. సేకరణకర్తల కోసమే ప్రత్యేకంగా నకిలీలు చేసినవారిలో జర్మనీకి చెందిన కార్ల్ విల్హెల్మ్ బెకర్ (1772–1830) పేరు ముందు చెప్పుకోవాలి. గ్రీకు, రోమన్, మధ్యయుగ నాణేలకు అతను స్వయంగా అచ్చులు చెక్కాడు. కొట్టిన నాణేల మీద కొత్తదనం పోవడానికి వాటిని ఇనుపరజను పెట్టెలో వేసి, తన బండికి కట్టి ఊరంతా తిప్పేవాడని ప్రసిద్ధి. అతను చాలాచోట్ల మంచి లోహమే వాడాడు, చేయీ గొప్పదే. అయినా ఒకే చేతి శైలి రెండు వేల ఏళ్ల కాలానికీ పది రాజ్యాలకూ చెందిన నాణేలన్నిటి మీదా కనిపించింది. అతన్ని పట్టించింది అదే.

19వ శతాబ్దం రెండో సగంలో మరో విచిత్రం జరిగింది. అప్పట్లో ప్లాటినం బంగారం కన్నా చాలా చౌక. బరువు మాత్రం బంగారం కన్నా ఎక్కువ. దానికి రాగి కలిపి బరువు సరిచేసి, పైన బంగారు పూత పూసి సవరిన్లు చేశారు. పూత అరిగినచోట తెల్లటి లోహం బయటపడుతుంది. ఆ నకిలీలను ఇవాళ వాటి కోసమే వెదికి కొనేవారున్నారు.

రెండో ప్రపంచ యుద్ధం తరువాత కథ మలుపు తిరిగింది. కాగితం డబ్బు మీద నమ్మకం పోయిన దేశాల్లో సవరిన్ తన బంగారం విలువ కన్నా బాగా ఎక్కువ పలికేది. ఆ తేడా చూసుకొని యుగోస్లావియా నుంచి వచ్చిన హోసే బెరహా అనే వ్యాపారి ఇటలీలోని మిలాన్‌లో రహస్యంగా సవరిన్లు కొట్టించాడు. వాటిలో బంగారం ఎక్కడా తగ్గలేదు. కేసు పడ్డాక స్విట్జర్లాండ్‌కు పారిపోయాడు. సవరిన్ ఇప్పుడు చెల్లుబాటులో ఉన్న డబ్బే కాదు కనుక దాన్ని కొట్టడం దొంగనాణేల నేరం కిందికి రాదంటూ 1952లో అక్కడి అత్యున్నత న్యాయస్థానం అతన్ని అప్పగించడానికి నిరాకరించింది. 1957లో బ్రిటన్ మళ్లీ సవరిన్లు కొట్టడం మొదలుపెట్టడానికి ఈ నకిలీల బెడద కూడా ఒక కారణం. ఆ తరువాతి రెండు దశాబ్దాలూ లెబనాన్ లాంటి చోట్ల నుంచి సవరిన్ల, అమెరికన్ బంగారు డాలర్ల నకిలీలు ప్రపంచమంతా పాకాయి. మన దేశంలో ఇళ్లలో దాచుకున్న సవరిన్లలోనూ అవి కలిసి ఉండే అవకాశం ఉంది.

తూకం, కొలత, సాంద్రత

సవరిన్‌కు స్పష్టమైన కొలతలున్నాయి: బరువు 7.988 గ్రాములు, వ్యాసం 22.05 మిల్లీమీటర్లు, మందం సుమారు 1.5 మిల్లీమీటర్లు, వన్నె 22 క్యారెట్లు. అందులో మేలిమి బంగారం 7.32 గ్రాములు. తెలుగునాట కాసు బంగారమంటే 8 గ్రాములనే లెక్క దీనికి దాదాపు సమానం. చలామణీలో అరిగిన సవరిన్‌కు బ్రిటిష్ చట్టం 7.938 గ్రాముల వరకు అనుమతి ఇచ్చింది. అంతకన్నా తేలికగా ఉంటే బాగా అరిగి ఉండాలి. బొమ్మ కొత్తదిలా మెరుస్తూ తూకం మాత్రం తక్కువైతే అనుమానించాలి.

బంగారం చాలా సాంద్రమైన లోహం కావడమే పాత వర్తకుల అసలు బలం. 22 క్యారెట్ల సవరిన్ సాంద్రత సుమారు 17.6. సరిగ్గా అదే పరిమాణంలో ఇత్తడి నాణెం చేస్తే నాలుగు గ్రాములకు లోపే తూగుతుంది. సీసంతో చేసినా ఐదు గ్రాముల చిల్లరే. బరువు సరిపెట్టాలంటే మందమో వ్యాసమో పెంచక తప్పదు. 19వ శతాబ్దపు ఇంగ్లండులో వర్తకులు వాడిన చిన్న ఇత్తడి త్రాసు ఈ సూత్రం మీదే పనిచేసేది. నాణెం ఒక సన్నని సందులో దూరాలి, గుంటలో సరిగ్గా కూర్చోవాలి, కాటాను వంచాలి. పైన చెప్పిన ప్లాటినం తప్ప, ఈ మూడూ ఒకేసారి చేయగల చౌక లోహం అప్పట్లో ఏదీ లేదు.

ఇప్పుడు టంగ్‌స్టన్ ఉంది. దాని సాంద్రత 19.25, మేలిమి బంగారం 19.32. అందుకే 24 క్యారెట్ల కడ్డీల్లో, పెద్ద పెట్టుబడి నాణేల్లో దాని బెడద ఎక్కువ. అది చాలా గట్టి లోహం కావడంతో దాని మీద సన్నని ముద్ర పడదు. పైనున్న బంగారపు పొర మీదే ముద్ర వేయాలి. చిన్న పాత నాణేల్లో ఆ శ్రమకు తగ్గ లాభం లేదు.

సాంద్రతను ఇంట్లో కొలవవచ్చునని చాలామంది అనుకుంటారు. పద్ధతి సులువే. నాణేన్ని గాలిలో తూచి, ఆ తరువాత సన్నని దారంతో నీళ్లలో వేలాడదీసి తూచాలి. తగ్గిన బరువుతో మొదటి బరువును భాగిస్తే సాంద్రత వస్తుంది. సవరిన్ నీటిలో 0.453 గ్రాములు తగ్గాలి. గ్రాములో నూరో వంతు చూపే త్రాసుతో అది 0.45గా కనిపిస్తుంది. ఒక్క అంకె అటూ ఇటూ అయితే ఫలితం 17.4 నుంచి 18.2 దాకా ఊగుతుంది. వెయ్యో వంతు చూపే త్రాసు ఉంటేనే ఈ పరీక్షకు అర్థం. గ్రాములో మూడో వంతు తూగే విజయనగర పణానికి అది కూడా చాలదు. నాణేనికి అంటుకున్న ఒక్క గాలిబుడగ లెక్కంతా మార్చేస్తుంది.

గీటురాయి, ఆమ్లం పై పొరనే చూస్తాయి. పైగా గీత పడిన నాణెం సేకరణ విలువ అక్కడికక్కడే పడిపోతుంది. ఎక్స్‌రే ఫ్లోరోసెన్స్ యంత్రం గీత పెట్టదు గానీ, అది చూడగలిగేది కూడా కొద్ది మైక్రాన్ల లోతే. పూత మందంగా ఉంటే అదీ మోసపోతుంది. అయితే దాని నివేదికలో ఒక పనికొచ్చే సంగతి దొరుకుతుంది. ఐదో జార్జి కాలపు సవరిన్‌లో బంగారంతో కలిసేది రాగి. అందులో నగల బంగారంలా గణనీయంగా వెండో జింకో కనిపిస్తే ఎవరో ఆభరణాలు కరిగించి కొట్టారని అర్థం చేసుకోవచ్చు. 19వ శతాబ్దపు తొలి సిడ్నీ సవరిన్లలో వెండి కలిసి పసుపుపచ్చగా ఉండటం మాత్రం సహజమే. ప్రాచీన నాణెంలో ఏ ఇతర లోహపు జాడా లేని శుద్ధ బంగారం కనిపించడం కూడా అనుమానానికి తావిస్తుంది. ఆ నాటి శుద్ధి పద్ధతులతో అది సాధ్యమయ్యేది కాదు.

అచ్చు వదిలిన ఆనవాళ్లు

అసలైన నాణెం ఉక్కు అచ్చుల మధ్య బలంగా దెబ్బ తిని పుడుతుంది. ఆ ఒత్తిడికి లోహం మధ్య నుంచి అంచు వైపు పారుతుంది. పదిరెట్లు పెంచి చూపే భూతద్దం కింద అక్షరాల అంచులు పదునుగా, మొదళ్లు నిక్కచ్చిగా కనిపిస్తాయి. కొత్త నాణేన్ని దీపం కింద తిప్పితే వెలుగు చక్రంలా తిరుగుతుంది. పోత పోసిన నకిలీకి ఈ లక్షణాలు రావు. అక్షరాలు సబ్బు అరిగినట్టు మెత్తగా ఉంటాయి. నేలభాగంలో సూదిమొన అంతటి గుంటలు కనిపిస్తాయి. అంచు వెంట రెండు మూసలు కలిసిన చోట సన్నని గీత, లేదా దాన్ని ఆకురాయితో అరగదీసిన జాడ ఉంటుంది. అంచు చూడకుండా నాణెం కొనకూడదు. బొమ్మ, బొరుసుల మీద పెట్టిన శ్రద్ధ మోసగాళ్లు అంచు మీద పెట్టరు.

కొట్టిన నకిలీ దీనికన్నా ఎంతో కష్టమైన సమస్య. ఇందులో మోసగాడు ఒక అసలు నాణేన్ని తీసుకొని దాని రూపాన్ని యథాతథంగా ఉక్కులోకి దించుతాడు. ఆ అచ్చుతో అసలైన బంగారు బిళ్లలు కొడతాడు. అప్పుడు అక్షరాలు పదునుగానే వస్తాయి, వెలుగూ చక్రంలా తిరుగుతుంది. అయితే ఇక్కడే అతను తప్పించుకోలేని చిక్కు ఒకటుంది. అతను నమూనాగా తీసుకున్న నాణెం చలామణీలో తిరిగి వచ్చింది. దాని మీద రాజు బుగ్గ మీదో ఖాళీ నేల మీదో ఏవో నొక్కులు, గీతలు ఉంటాయి. అవి కూడా అచ్చులోకి దిగుతాయి. ఆ అచ్చు నుంచి వచ్చే ప్రతి నాణెం మీదా అదే చోట అదే నొక్కు పుడుతుంది. రెండు అసలు నాణేలకు సరిగ్గా ఒకే చోట ఒకే ఆకారపు దెబ్బ తగలడం జరగదు. కాబట్టి ఒకే తేదీ ఉన్న రెండు నాణేలను పక్కపక్కన పెట్టినప్పుడు ఒకే నొక్కు రెంటి మీదా కనిపిస్తే, రెండూ నకిలీలే, లేదా ఒకటి రెండోదానికి నమూనా.

నొక్కు కనిపించినప్పుడు దాని అడుగు భాగాన్ని కూడా పరిశీలించాలి. నిజమైన దెబ్బ తగిలినప్పుడు లోహం పక్కకు జరిగి చుట్టూ చిన్న గట్టు లేస్తుంది, గుంట అడుగు మెరుస్తుంది. అచ్చు నుంచి వచ్చిన నొక్కు అడుగు మాత్రం చుట్టుపక్కల ఉన్న నేలలాగే ఉంటుంది, గట్టు మెత్తగా ఒరిగి ఉంటుంది. ఒక్కసారి ఈ తేడా చూసిన కన్ను మళ్లీ దాన్ని మరచిపోదు. అచ్చులోని లోపాలు సరిచేయబోయి మోసగాడు ఉక్కు మీద పెట్టిన గీతలు నాణెం మీద ఉబ్బెత్తు గీతలుగా తేలుతాయి. అచ్చును విద్యుత్ మెరుపులతో తొలిచి ఉంటే నేలను నున్నగా మెరుగు పెట్టగలడు గానీ, బొమ్మ మీది గరుకుదనాన్ని తుడవలేడు. నేల అద్దంలా, ముఖం ఇసుకలా ఉన్న నాణెం ఇలాంటిదే.

అమెరికన్ నాణేల్లో దీనికి పేరుమోసిన ఉదాహరణ 1907 నాటి 20 డాలర్ల ఉబ్బెత్తు ముద్రల నాణెం. దాన్ని శిల్పి అగస్టస్ సెయింట్ గాడెన్స్ రూపొందించాడు. అసలువి 12 వేల పైచిలుకే తయారయ్యాయి. దీనికి పుట్టిన ఒక నకిలీ ఎంత బాగుంటుందంటే, కొన్నాళ్లు నిపుణులూ మోసపోయారు. దాన్ని చేసినవాడు గద్ద గోటి లోపల గ్రీకు అక్షరం ఒమెగాను కంటికి ఆనీ ఆననంత చిన్నగా చెక్కాడు. ఎవరో ఇప్పటికీ తెలియని ఆ వ్యక్తి సంతకం అది. ఆ అక్షరం దొరికాక ఆ జాతి నకిలీలన్నీ తేలిగ్గా పట్టుబడ్డాయి.

తేదీలు, టంకశాల గుర్తులు

పుస్తకం తెరిస్తే చాలు, భూతద్దం అక్కరలేకుండానే తేలిపోయే నకిలీలు కొన్ని ఉంటాయి. సవరిన్‌ను లండన్‌తో పాటు సిడ్నీ, మెల్‌బోర్న్, పెర్త్, ఒట్టావా, ప్రిటోరియా, బొంబాయి టంకశాలల్లో కొట్టారు. ఐదో జార్జి నాణెం బొరుసు మీద, సెయింట్ జార్జి గుర్రం కింద, తేదీకి పైనున్న నేలపట్టీ మీద చిన్న గుర్తు ఉంటుంది. లండన్‌కు గుర్తు లేదు, బొంబాయికి 'ఐ'. బొంబాయిలో సవరిన్లు కొట్టింది 1918లో ఒక్కసారే, దాదాపు 13 లక్షలు. అదే టంకశాల అదే ఏడు 15 రూపాయల బంగారు నాణేన్ని కూడా సవరిన్ తూకంలోనే కొట్టింది. కాబట్టి 1917 తేదీతో 'ఐ' గుర్తున్న సవరిన్ అసలు ఉండటానికే వీల్లేదు. ఐదో జార్జి పేరిట లండన్ 1911 నుంచి 1917 వరకు, ఆపైన 1925లో మాత్రమే సవరిన్లు కొట్టింది. ఏ గుర్తూ లేని 1920 నాణెం కనిపిస్తే దాని చరిత్ర అడగక్కరలేదు. ఇటీవలి 'ఐ' గుర్తుకు మాత్రం తావుంది. 2013 నుంచి భారతదేశంలో లైసెన్సు మీద సవరిన్లు తయారయ్యాయి.

1917 లండన్ సవరిన్ అరుదైనది. అందువల్ల దాని నకిలీలు ఎక్కువ. ఆస్ట్రేలియా నాణెం మీది గుర్తును గీకేసి లండన్‌దిగా అమ్మేవారూ ఉన్నారు. ఇలాంటివాటిలో నాణెం అసలుదే, అబద్ధం ఆ గీకినచోటే ఉంటుంది. గుర్తు ఉండాల్సిన చోట నేల పట్టీ కొంచెం పల్లంగా, లేదా అసహజమైన మెరుపుతో ఉందేమో చూడాలి.

బొమ్మ, బొరుసుల దిక్కు కూడా చూడాలి. ఐదో జార్జి సవరిన్‌ను పక్కకు తిప్పితే వెనుక బొరుసు నిలువుగానే కనిపించాలి. తలకిందులైతే తిరస్కరించవచ్చు.

మన నాణేలు

యంత్రం రాకముందు చేత్తో కొట్టిన నాణేల్లో ఏ రెండూ ఒకేలా ఉండవు. అందుకే సవరిన్‌కు వాడే కొలతల పద్ధతి వీటికి సగమే పనికొస్తుంది. కృష్ణదేవరాయల వరహా మీద ఒకవైపు దేవతామూర్తి, రెండోవైపు నాగరిలో మూడు వరుసల్లో 'శ్రీ ప్రతాప కృష్ణరాయ' అని ఉంటుంది. అచ్యుతరాయల నాణేల మీద గండభేరుండం కనిపిస్తుంది. చిన్న దళసరి బిళ్లను పెద్ద అచ్చు కింద పెట్టి కొట్టడం వల్ల బొమ్మ పూర్తిగా పడదు, ఒక పక్క జారి ఉంటుంది. అన్ని వైపులా సమంగా, పూర్తిగా పడిన ముద్ర ఇక్కడ సుగుణం కాదు. నకిలీ చేసేవారు కొనేవారి ఇష్టం తెలిసినవారు కనుక నిండు బొమ్మనే కొట్టి ఇస్తారు. లిపి చదవగలిగితే సగం పని అయినట్టే. అర్థం తెలియకుండా కాపీ చేసినవాడి చేతిలో అక్షరం బొమ్మగా మారిపోతుంది. గీతలు కలవాల్సిన చోట కలవవు, విడిపోవాల్సిన చోట విడిపోవు.

తూర్పు చాళుక్య రాజరాజ నరేంద్రుని బంగారు నాణేలు పలుచని వెడల్పు రేకులు. మధ్యలో వరాహ లాంఛనం ఒక ముద్రతో, చుట్టూ అక్షరాలు విడివిడి ముద్రలతో వేస్తారు. వీటిలో కొన్ని బర్మా తీరంలోని చెడుబా దీవిలో దొరికాయి. విడి ముద్రల వల్ల రేకు వెనుక ప్రతి అక్షరానికీ వేరే ఒత్తిడి పడుతుంది, లోతులు మారతాయి. ఒకే అచ్చుతో ఒక్క దెబ్బలో కొట్టిన నకిలీలో ఆ తేడాలుండవు. సాతవాహనుల బంగారు నాణెమంటూ ఎవరైనా చూపిస్తే పరీక్ష అక్కరలేదు. వారి నాణేలు సీసం, పోటిన్ అనే మిశ్రమ లోహం, రాగి, వెండివే.

రోమన్ బంగారు నాణేలు ఆంధ్ర ప్రాంతంలో వినుకొండ లాంటి చోట్ల దొరికాయి. వాటిని చూసి ఆ కాలంలోనే దక్షిణ భారతదేశంలో బంగారంతో అనుకరణలు చేశారు. వాటి మీది లాటిన్ అక్షరాలు ఒట్టి గీతలుగా మిగిలాయి. వీటిని నకిలీలని తోసిపుచ్చకూడదు. ఆ నాటి వాణిజ్యానికి అవే సాక్ష్యం, మ్యూజియాల్లో గౌరవంగా ఉన్నాయి. జహంగీర్ 1618 నుంచి కొట్టించిన రాశుల మొహరుల సంగతి వేరు. మేషం, వృషభం లాంటి బొమ్మలున్న ఆ నాణేలకు పూర్వమే గిరాకీ ఉండటంతో అనుకరణలు 18, 19 శతాబ్దాల్లోనే పుట్టాయి. అనుకరణకే రెండు వందల ఏళ్లయినప్పుడు పాతదనం ఒక్కటే చూసి తీర్పు చెప్పడం కుదరదు.

ఈస్టిండియా కంపెనీ 1835లో నాలుగో విలియం బొమ్మతో కొట్టిన రెండు మొహరుల నాణెం సింహం, తాటిచెట్టు బొరుసుతో ఎంతో అందంగా ఉంటుంది. వాటి అచ్చులు టంకశాలలో మిగిలి ఉండటంతో సేకరణకర్తల కోసం తరువాతి కాలంలో అక్కడే మళ్లీ కొట్టారు. ఇవి నకిలీలు కావు, తొలి ముద్రణలూ కావు. వీటిని తొలి ముద్రణల ధరకు అమ్మడం మాత్రం మోసమే.

హైదరాబాదు బంగారు నాణేలైన అష్రఫీలను నిజాం పాలన చివరి దశాబ్దాల్లో యంత్రాలతోనే కొట్టారు. తూకం సుమారు 11.18 గ్రాములు. చార్మినార్ బొమ్మ తలుపు నడుమ ఒక ఉర్దూ అక్షరం ఉంటుంది. మహబూబ్ అలీ ఖాన్‌కు 'మీమ్', 1911లో గద్దెనెక్కిన ఉస్మాన్ అలీ ఖాన్‌కు 'ఐన్'. నాణెం మీది హిజ్రీ సంవత్సరానికీ పాలనా సంవత్సరానికీ పొంతన కుదరాలి. ఇద్దరు నిజాముల ముద్రలు కలిపేసిన నకిలీలను ఈ చిన్న లెక్కతోనే పట్టుకోవచ్చు.

తెలుగు రాష్ట్రాల్లో పోలీసు కేసులుగా ఎక్కువగా బయటపడేది ఇంత నైపుణ్యమున్న మోసం కాదు. పునాదులు తవ్వుతుంటే లంకెబిందెలు దొరికాయని, ప్రభుత్వానికి తెలిస్తే పోతాయని, రహస్యంగా సగం ధరకు ఇస్తామని చెబుతారు. పరీక్షించుకొమ్మని ఒకటి రెండు నిజమైన బంగారు నాణేలు ముందు చేతిలో పెడతారు. కంసాలి దగ్గర అవి నెగ్గుతాయి. డబ్బు చేతులు మారాక అందే సంచిలో ఇత్తడి బిళ్లలుంటాయి. ఇక్కడ పరీక్ష తప్పు కాలేదు, పరీక్షించిన నాణేలు అమ్మిన నాణేలు కావు. కొనే ప్రతి నాణేన్నీ విడిగా చూడాలి.

ధ్రువీకరణ, చట్టం

అమెరికన్ నాణకశాస్త్ర సంఘం 1972లో ధ్రువీకరణ సేవ ప్రారంభించింది. 1986, 1987లలో పీసీజీఎస్, ఎన్‌జీసీ సంస్థలు నాణేన్ని పరీక్షించి, స్థాయి నిర్ణయించి, ప్లాస్టిక్ పెట్టెలో మూసి ఇచ్చే పద్ధతి మొదలుపెట్టాయి. ఇప్పుడు ఆ పెట్టెలకూ నకిలీలున్నాయి. పెట్టె మీది సంఖ్యను సంస్థ జాబితాలో వెదికి, అక్కడున్న ఫొటోలోని నొక్కులు చేతిలోని నాణెం నొక్కులతో సరిపోతున్నాయో లేదో చూడాలి. భారతీయ పాత నాణేల విషయంలో ముద్రిత పట్టికలు, మ్యూజియం సేకరణలు, అనుభవమున్న వేలం సంస్థల పాత కేటలాగులే ప్రధాన ఆధారం. పేరున్న వర్తకుడు నాణెం నకిలీ అని తేలితే డబ్బు వాపసు ఇస్తానని బిల్లు మీద రాసిస్తాడు. రాయనివాడి దగ్గర చౌకగా దొరికినా కొనకపోవడమే మంచిది.

మన దేశంలో నూరేళ్లు దాటిన నాణేలు 1972 నాటి పురావస్తువుల చట్టం పరిధిలోకి వస్తాయి. అనుమతి లేకుండా వాటిని దేశం దాటించకూడదు. విదేశాల్లో ఉన్న తెలుగువారు ఇక్కడి ఇళ్లలోని పాత నాణేలను తీసుకువెళ్లే ముందు ఈ సంగతి తెలుసుకోవాలి. భూమిలో దొరికిన నిధిని 1878 నాటి నిధుల చట్టం ప్రకారం కలెక్టరుకు తెలియజేయాలి. నకిలీ అని తెలిసి అసలుదిగా అమ్మడం మోసం నేరమవుతుంది. అనుమానం వచ్చిన నాణేన్ని కరిగించవద్దు, తోమవద్దు, తిరిగి అమ్మవద్దు. రెండు ముఖాలూ అంచూ ఫొటో తీసి, తూకం, కొలతలు రాసి, బిల్లుతో సహా భద్రపరచాలి. అదే నొక్కుతో మరో నాణెం బయటపడ్డప్పుడు పక్కన పెట్టి పోల్చడానికి ఆ ఫొటోనే పనికొస్తుంది.